రెండోసారి చూస్తే ఏది నిలబడింది? లక్కీ భాస్కర్, అమరన్, క, 35

2024 దీపావళికి, అంటే అక్టోబర్ 31న, లక్కీ భాస్కర్, అమరన్, క ఒకేరోజు థియేటర్లలో దిగాయి. పండక్కి పోటీపడ్డవాటిలో ఒకటి ఆడి మిగతావాటిని వారానికే ఎత్తేయడం మనకు మామూలు. ఆ దీపావళికి మాత్రం మూడూ నిలదొక్కుకున్నాయి. అంతకుముందు సెప్టెంబర్ 6న 35 చిన్న కథ కాదు వచ్చింది. దానికి అంత హడావిడి లేదు. చూసినవాళ్లు ఇంకొకళ్లకు చెప్పి చూపించుకున్న సినిమా అది.

ఈమధ్య ఇంటికి చుట్టాలు రావడంతో ఈ నాలుగూ ఓటీటీలో మళ్లీ చూశాను. మొదటిసారి చూసినప్పుడు నచ్చిన వరస వేరు, ఇప్పుడు వేరు. కథ తెలిసిపోయాక సస్పెన్స్ పని చేయదు, ట్విస్టు పని చేయదు. ఇక మిగిలేది మనుషులు, మాటలు, ఆ ఇల్లు, ఆ ఊరు. అప్పుడు కూడా మనల్ని సోఫాలోంచి లేవనివ్వలేదంటే ఆ సినిమాలో ఏదో ఉన్నట్టే. ఇక్కడ నేను పెట్టుకున్న కొలత అదే. క క్లైమాక్స్ బయటపెట్టను, భయపడకండి. మిగతావాటి కథ కొంత చెప్పక తప్పదు.

లక్కీ భాస్కర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువ గొడవ దాని దగ్గరే. వెంకీ అట్లూరి దర్శకుడు, దుల్కర్ సల్మాన్ హీరో. 1989 నాటి బొంబాయి. మగధ బ్యాంకులో భాస్కర్ క్యాషియర్. ఆరువేల జీతం, గొంతుదాకా అప్పులు, భార్య తరఫు చుట్టాల దగ్గర అవమానాలు. తనకు రావాల్సిన ప్రమోషన్ ఇంకొకడికి పోయాక మనిషి మారిపోతాడు. బ్యాంకు మూసే వేళకు క్యాష్ బయటికి తీసి, వ్యాపారంలో తిప్పి, లెక్క చూసేలోగా గుట్టుగా లోపల పెట్టేస్తాడు. ఆ మొదటిసారి డబ్బు బయటికి తెచ్చే సీను ఇప్పటికీ గట్టిగా ఉంది. ఏమీ కాదని తెలిసి కూడా నాకు టెన్షన్ వచ్చింది.

తర్వాత కథ షేర్ మార్కెట్ కుంభకోణంలోకి వెళ్తుంది. సినిమాలో పేరు హర్షా మెహ్రా, అసలు ఎవరో అందరికీ తెలుసు. స్టాక్ బ్రోకర్ హర్షద్ మెహతా వ్యవహారాన్ని 1992 ఏప్రిల్‌లో జర్నలిస్టు సుచేతా దలాల్ బయటపెట్టారు. అందులో ఇరుసు లాంటిది బ్యాంక్ రిసీట్. ఒక బ్యాంకు ప్రభుత్వ బాండ్లు అమ్మేటప్పుడు బాండ్ల బదులు "మా దగ్గరే ఉన్నాయి, మీవే" అని ఒక రసీదు ఇచ్చేది. మధ్యలో ఉన్న బ్రోకర్లు, అసలు బాండ్లే లేకుండా చిన్న బ్యాంకుల చేత రసీదులు రాయించి, వాటిమీద పెద్ద బ్యాంకుల డబ్బు తెచ్చి మార్కెట్లో పోశారు. రెండు వందల రూపాయల దగ్గరున్న ఏసీసీ షేరు తొమ్మిది వేల దాకా ఎగబాకింది ఆ డబ్బుతోనే. ఇంత లెక్కను పక్కింటి పిన్నిగారికి కూడా అర్థమయ్యేలా చెప్పడం మాటలు కాదు. భాస్కర్ కెమెరా వైపు తిరిగి మనతోనే మాట్లాడతాడు కదా, ఆ పద్ధతి ఇక్కడ బాగా పనికొచ్చింది. మీనాక్షి చౌదరి సుమతిగా ఒద్దికగా చేసింది. తండ్రి పాత్రలో సర్వదమన్ బెనర్జీని చూసి మా ఇంట్లో పెద్దవాళ్లు సిరివెన్నెల రోజులు గుర్తుచేసుకుని కాసేపు సినిమా ఆపించేశారు.

మరి తేడా ఎక్కడ కొట్టింది? సెకండాఫ్‌లో. భాస్కర్ ఇరుక్కున్నాడని మనం కంగారుపడతాం, కాసేపటికి "నేను ముందే ఏర్పాటు చేసుకున్నాను" అంటాడు. మొదటిసారి చప్పట్లు కొట్టాం. రెండోసారి చూస్తే, ఆ మనిషి ఎక్కడా నిజంగా ఓడిపోయే ప్రమాదమే లేదని తెలిసిపోతుంది. మన కంగారంతా, మనకు చెప్పాల్సిన విషయం దాచిపెట్టి పుట్టించినదే. ఫస్టాఫ్‌లో అలా కాదు. అక్కడ అప్పులవాడు గుమ్మంలో ఉన్నాడు, బ్యాంకులో ఇన్‌స్పెక్షన్ భయం ఉంది, మనకెంత తెలుసో భాస్కర్‌కీ అంతే తెలుసు.

ఇంకోటి. మా మామయ్య బ్యాంకులో చేసి రిటైరయ్యారు. సినిమా అంతసేపూ ఆయన మొహం ముడుచుకునే ఉంది. "పది రూపాయలు తేడా వస్తే రాత్రి తొమ్మిదైనా ఇంటికి వదిలేవాళ్లు కాదురా మమ్మల్ని, వీడు పెట్టె పట్టుకుని నడిచిపోతాడా?" అన్నారు. ఆయన బాధ లాజిక్ గురించి. నా బాధ వేరు. చేసిందంతా చేసి చివరికి భాస్కర్ సుఖంగానే ఉంటాడు, మనమూ హమ్మయ్య అనుకుంటాం. నీతి చెప్పాలని నేను అనను. ఆ డబ్బు ఎవరిదన్న ప్రశ్న ఒక్కసారైనా గట్టిగా వినిపించాల్సింది, అంతే.

అమరన్ దీనికి సరిగ్గా ఎదురు. ఇందులో దాచడానికి ఏమీ లేదు. మేజర్ ముకుంద్ వరదరాజన్ 44 రాష్ట్రీయ రైఫిల్స్ అధికారి. 2014 ఏప్రిల్ 25న కశ్మీర్‌లోని షోపియాన్ జిల్లాలో ఉగ్రవాదులతో పోరాడి ప్రాణాలు వదిలారు. ఆయనకు ప్రకటించిన అశోక చక్రను మరుసటి ఏడాది రిపబ్లిక్ డే నాడు భార్య ఇందు రెబెక్కా వర్గీస్ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ చేతుల మీదుగా అందుకున్నారు. అంటే టికెట్ కొనేముందే ముగింపు తెలుసు. హీరో రాడు. అయినా దర్శకుడు రాజ్‌కుమార్ పెరియసామి మనల్ని కూర్చోబెట్టాడు. ఎలా? కథను ఇందు వైపు నుంచి చెప్పాడు. ఇద్దరూ మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో కలుసుకోవడం, ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోవడం, పెళ్లయ్యాక ఎక్కువ భాగం ఫోన్లోనే కాపురం. ఆ ఫోన్ మోగినప్పుడల్లా ఆవిడకు గుండె ఎలా కొట్టుకుంటుందో సాయిపల్లవి మొహంలో చూస్తాం. మాటలు తక్కువ. ముకుంద్ ఇక లేడన్న విషయం మనకు తెలిసి, ఆవిడకు ఇంకా తెలియని నిమిషాలు కొన్ని ఉన్నాయి. అవి రెండోసారి ఇంకా బరువెక్కాయి.

శివకార్తికేయన్ కూడా ఈ సినిమాకు తన కామెడీ అలవాట్లన్నీ పక్కనపెట్టాడు. చూడటానికి ఆఫీసర్‌లాగే ఉన్నాడు. కానీ ఇంట్లో చిన్న స్క్రీన్ మీద ఆపరేషన్ల భాగం సాగింది. థియేటర్లో ఆ తుపాకీ శబ్దాలకు కుర్చీ అదిరింది, టీవీలో మాత్రం "ఇంకా ఎంతసేపు?" అన్న మాట వెనకనుంచి వినిపించింది. కశ్మీర్‌లో ఉండే మామూలు జనం ఈ కథలో దాదాపు గుంపుగానే కనిపిస్తారు, ఒక్కరి పేరూ గుర్తుండదు. అది నాకు లోటుగానే అనిపించింది.

తమాషా ఏమిటంటే ఈ రెండు సినిమాలకూ సంగీతం జి.వి.ప్రకాష్ కుమారే. ఒకేరోజు రెండు పెద్ద సినిమాలు, రెండూ హిట్టు. అక్కడ శ్రీమతి గారు, ఇక్కడ హే రంగులే. పాటగా నాకు హే రంగులే ఎక్కువ ఇష్టం. బీజీఎం మాత్రం లక్కీ భాస్కర్‌దే మేలు, డబ్బు కదిలినప్పుడల్లా అది కూడా కదులుతుంది.

ఇక క. మొదటిసారి చూసిన రాత్రి నేను నలుగురికి ఫోన్ చేసి "చూడండి" అని చెప్పిన సినిమా ఇదే. ఇప్పుడు వరసలో చివరన పెడుతున్నదీ ఇదే. అన్యాయంగా అనిపించవచ్చు, చెప్తాను వినండి.

1977 ప్రాంతం. కృష్ణగిరి అనే ఊరు. చుట్టూ కొండలు, మధ్యాహ్నం మూడింటికే చీకటి. అక్కడికి పోస్ట్‌మ్యాన్‌గా వచ్చిన అభినయ వాసుదేవ్ అనాథ. ఇతరుల ఉత్తరాలు విప్పి చదవడం అతనికి చిన్నప్పటినుంచీ అలవాటు. తనకంటూ ఉత్తరం రాసేవాళ్లు లేరు కాబట్టి పక్కవాళ్ల బంధాల్ని తనవిగా చదువుకుంటాడు. ఎంత మంచి ఆలోచన! ఒక్కో అమ్మాయి ఊళ్లోంచి మాయమవుతుంటుంది. ఇంకోవైపు చీకటి గదిలో ముసుగు మనిషి వాసుదేవ్‌ని ప్రశ్నిస్తుంటాడు. దర్శకులు సుజీత్, సందీప్‌లు ఆ ఊరిని కళ్లకు కట్టారు.

ఆ చీకటి ఊరు పూర్తిగా కల్పన కూడా కాదు. పెద్దపల్లి జిల్లాలో మూడు జాముల కొదురుపాక అనే ఊరుంది. చుట్టూ గుట్టలుండటం వల్ల అక్కడ పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది, సాయంత్రం నాలుగింటికే చీకటి ముసురుకుంటుంది. నాలుగో జాము లేని ఊరని దానికా పేరు. మనదగ్గర ఉన్న ఇలాంటి వింతను ఒక థ్రిల్లర్‌కి ఆధారం చేసుకున్న తీరు నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

హీరో కిరణ్ అబ్బవరానికి అంతకుముందు వరసగా దెబ్బలు తగిలాయి. ఇందులో మనిషి పట్టుదల కనిపిస్తుంది. కానీ సినిమా మొత్తం ఆఖరి ఇరవై నిమిషాల కోసం కట్టిన మెట్లు. ఆ ఇరవై నిమిషాలు తెలిసిపోయాక మెట్లే మిగిలాయి. సత్యభామతో ప్రేమ, పాటలు, ఫైట్లు అన్నీ మామూలు తెలుగు సినిమావే. మొదటిసారి "ఇదేదో ఎక్కడికో వెళ్తోంది" అని ఓపిక పట్టాం, రెండోసారి ఆ ఓపిక ఉండదు. ఉత్తరాలు చదివే ఆ ఒంటరి మనిషి మీద ఇంకో అరగంట పెట్టి ఉంటే నా మాట మారేది. అయినా ఒకసారి చూడని వాళ్లకి నేను ఇప్పటికీ దీన్నే ముందు చెప్తాను, కథ మాత్రం ఎవర్నీ అడగొద్దు.

35 దగ్గరికి వచ్చేసరికి నాకు పక్షపాతం ఉంది, దాచుకోను.

తిరుపతి. ప్రసాద్ బస్సు కండక్టర్. భార్య సరస్వతి పదో తరగతి తప్పిన ఇల్లాలు. పెద్దకొడుకు అరుణ్‌కి లెక్కలు రావు. రావు అనడం కూడా తప్పే, వాడికి ఒక అనుమానం తీరలేదు. సున్నాకి విలువ లేదంటారు కదా, మరి ఒకటి పక్కన చేరగానే అది పది ఎలా అవుతుంది? తొమ్మిది కంటే పెద్దదెలా అవుతుంది? ఇది చెప్పండి, తర్వాత మీ లెక్కలు చేస్తాను అంటాడు. లెక్కల మాస్టారు చాణక్య (ప్రియదర్శి) పిల్లల్ని వాళ్లకొచ్చిన మార్కులతో పిలుస్తాడు, వీడిని జీరో అంటాడు. పాసవ్వాలంటే 35 కావాలి.

ప్రపంచం మునిగిపోయే సమస్య కాదు. ఉగ్రవాదులు లేరు, కోట్లు లేవు. కానీ లెక్కల పేపర్ ముందు చేతులు చల్లబడిన ప్రతివాడికీ ఆ పిల్లాడి కడుపులో ఏం జరుగుతోందో తెలుసు. నివేదా థామస్ ఆ తల్లిని ఎక్కడా త్యాగమూర్తిని చేయలేదు. విసుక్కుంటుంది, కొడుతుంది, తనే పుస్తకం పట్టుకుని మొదటినుంచీ నేర్చుకుంటుంది. 2024 సంవత్సరానికి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో ఆవిడకు ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. అదే అవార్డుల్లో లక్కీ భాస్కర్ మూడో ఉత్తమ చిత్రం. ఆ లెక్కన జ్యూరీ వరసకీ నా వరసకీ పొత్తు కుదరదు.

వాడు పాసవుతాడా లేదా అన్నది ఊహించలేనిదేమీ కాదు. పోస్టర్ చూసినా తెలుస్తుంది. అయినా ఆ వంటింటి చదువు సీన్లు మళ్లీ అంతే ఇష్టంగా చూశాను. దర్శకుడు నంద కిషోర్ ఈమాని జవాబుని తొందరపడి చెప్పించడు. తల్లికి అర్థమవుతుండగా మనకీ అర్థమవుతుంది. భాస్కర్ మనకంటే ఒకడుగు ముందుండి మనల్ని మోసం చేసి గెలిస్తే, సరస్వతి మన పక్కనే కూర్చుని తప్పులు కొట్టేసుకుంటూ గెలిచింది. లోపాలు లేవా? ఉన్నాయి. మాస్టారి పాత్ర మరీ ఒకేవైపు ఒరిగింది, రెండో సగంలో ల్యాగ్ ఉంది, ఇంట్లో మాటలు అక్కడక్కడా నాటకం పలుకులా ఉన్నాయి. మా పిల్లలు మధ్యలో లేచి రెండుసార్లు ఫ్రిజ్ తలుపు తీశారు.

కాబట్టి నా వరస ఇది: 35, అమరన్, లక్కీ భాస్కర్, క. అమరన్‌కీ లక్కీ భాస్కర్‌కీ మధ్య తేడా వెంట్రుకవాసి. ఫస్టాఫ్ వరకే లెక్కేస్తే లక్కీ భాస్కరే అన్నిటికంటే ముందుంటుంది. మా ఇంట్లో మాత్రం ఓటింగ్ పెడితే భాస్కరే గెలిచాడు, మామయ్య ఒక్కరే వ్యతిరేకం.

మీరు ఇంకా ఏదీ చూడకపోతే ఈ వరస మీకు పనికిరాదు. మొదటిసారికైతే క, లక్కీ భాస్కర్‌లే ముందు. క ఈటీవీ విన్‌లో, 35 ఆహాలో, మిగతా రెండూ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. పదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో 35 పెట్టండి, కాకపోతే పరీక్షల ముందురోజు కాదు. అమరన్ మూడు గంటలకు కాస్త తక్కువ, రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే చివరికి సగంమంది నిద్రలో ఉంటారు, మిగతా సగం ఏడుస్తూ ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం నయం.