అభ్రకంపై డీఎన్ఏ: విశాఖలో ఏఎఫ్ఎం చిత్రణ సేవ

తలంపై పరచిన అణువులను ఒక్కొక్కటిగా చూపగల అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు (ఏఎఫ్ఎం) సేవను విశాఖపట్నంలోని ఒక ప్రయోగశాల బయటి పరిశోధకులకు కూడా రుసుముపై అందిస్తోంది. మా ప్లాస్మిడ్ (బాక్టీరియాలో ఉండే చిన్న వలయాకార) డీఎన్ఏ నమూనాలను అక్కడ చిత్రింపజేసుకున్నాక, ఈ సేవ విలువలో అధిక భాగం నమూనా తయారీలో చూపే శ్రద్ధదేనని గట్టిగా చెప్పగలను.

1986లో బిన్నిగ్, క్వేట్, గెర్బర్ ప్రకటించిన ఈ సాధనంలో, సన్నని కాంటిలీవర్ (ఒక కొసన మాత్రమే బిగించిన, వంగగల పట్టీ) చివరనున్న మొన తలాన్ని వరుసవరుసగా తడుముతూ సాగుతుంది. కాంటిలీవర్ వీపున పడి పరావర్తనం చెందే లేజర్ కిరణం ఆ కదలికను కొలుస్తుంది. మెత్తని అణువులు మొనతోపాటు ఈడ్చుకుపోకుండా మొన తలాన్ని తట్టి తట్టి లేచే ట్యాపింగ్ పద్ధతినే వాడారు.

నమూనాకు పీఠం అభ్రకం. గూడూరు గనుల పుణ్యమా అని మన ప్రాంతానికి చిరపరిచితమైన ఈ ఖనిజం పై పొరను టేపుతో ఊడదీస్తే, పరమాణు స్థాయిలో చదునైన తాజా తలం బయటపడుతుంది. అయితే నీటిలో అభ్రకానికీ డీఎన్ఏకూ రెండింటికీ ఋణావేశమే కనుక, వాటిని కలపడానికి మెగ్నీషియం లేదా నికెల్ అయాన్లు కావాలి. నికెల్ పట్టు మరీ గట్టిది; అణువు తలంపై సర్దుకోకముందే అతుక్కుపోతుంది. అందుకే ఆపరేటర్ గారు మెగ్నీషియంతో మొదలుపెట్టి, గాఢతను మార్చి చూసి, ఉప్పు మరకలు మిగలకుండా అతిశుద్ధ జలంతో కడిగి, నైట్రోజన్‌తో ఆరబెట్టారు. ప్రతి అణువుకూ జంట నీడ కనబడగానే మొన అరిగిందని గ్రహించి, మేము అడగకముందే మార్చడం నాకు ఎంతో నచ్చింది.

ఫలితం నమ్మదగినదే. మా ప్లాస్మిడ్ పీయూసీ19లో 2,686 క్షార జంటలున్నాయి, జంటకు 0.34 నానోమీటర్ల చొప్పున పొడవు సుమారు 913 నానోమీటర్లు కావాలి. మెలికలు సడలిన వలయాల మీద కొలిచిన పొడవు దానికి దగ్గరగానే వచ్చింది. డీఎన్ఏ అసలు వ్యాసం 2 నానోమీటర్లు కాగా చిత్రంలో ఎత్తు అంతకన్నా తక్కువగా, వెడల్పు ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించాయి. మొన నొక్కిడి, ఆరిన స్థితి ఎత్తును తగ్గిస్తాయనీ, మొన మందం వెడల్పును పెంచుతుందనీ నివేదికలోనే వివరించడం మెచ్చుకోదగిన నిజాయితీ.

లోపాలూ ఉన్నాయి. మొదట చదును చేసిన (నేపథ్యపు వాలును సాఫ్ట్‌వేర్‌తో తీసేసిన) చిత్రాలు మాత్రమే పంపారు; అణువులను మినహాయించకుండా గీతగీతకూ చదును చేయడంతో వాటి పక్కన నల్లటి చారలు పడి, ఎత్తులు మరింత తగ్గాయి. అడిగాక ముడి ఫైళ్లు ఇచ్చారు గానీ, అవి మొదటే రావాలి. గదిలో తేమ నియంత్రణ చాలదు. ఉక్కపోత రోజుల్లో తలంపై నీటిపొర పేరుకుని మొనను అంటుకుంటుంది. సముద్రతీర నగరంలో ఇది ఉపేక్షించదగిన విషయం కాదు. ద్రవంలో చిత్రించే సెల్ లేనందున, ప్రొటీన్లను వాటి సహజ స్థితిలో చూడగోరే వారికి ఈ సేవ పనికిరాదు.

2009లో జ్యూరిక్ ఐబీఎం శాస్త్రవేత్తలు పెంటసీన్ అణువులోని అయిదు వలయాలనూ చూపారు. దానికి అతిశూన్యం, సుమారు 5 కెల్విన్ల చలి, మొన చివర ఒక కార్బన్ మోనాక్సైడ్ అణువు అవసరమయ్యాయి. గది గాలిలో పనిచేసే ఈ యంత్రం నుంచి అంతటి వివరం ఆశించకూడదు. డీఎన్ఏ పొడవు, వంపు, ప్రొటీన్ అతికిన చోటు తెలియాలనుకునే వారు మాత్రం నిశ్చింతగా వెళ్లవచ్చు. వీలైతే జనవరి వంటి పొడి నెలలో సమయం తీసుకుని, ముడి ఫైళ్లు కావాలని దరఖాస్తులోనే రాయండి.