మా ఎఫ్‌బీడీతో తొమ్మిదేళ్లు

జీడిమెట్లలోని మా మాత్రల యూనిట్‌కి ఈ ఫ్లూయిడ్ బెడ్ డ్రయ్యర్ (ఎఫ్‌బీడీ) వచ్చి తొమ్మిదేళ్లయింది. మాత్రలు నొక్కేముందు తడి మందు ముద్దను వేడిగాలిలో ఆడించి గ్రాన్యూల్స్‌గా, అంటే చిన్న గింజలుగా ఆరబెట్టే మెషీన్ ఇది. 60 కిలోల సైజు, పైకి లేచే పొడిని ఆపడానికి ఒకటే ఫిల్టర్ బ్యాగ్, గోడ అవతల గాలిని సిద్ధం చేసి పంపే ఏహెచ్‌యూ, ఆ గాలిని వేడిచేసే స్టీమ్ కాయిల్. అమ్మినవాళ్ల పేరు రాయను. కొనేముందు వాళ్ల షెడ్‌లో డెమో చూశాం. అద్దంలోంచి చూస్తే గిన్నెలో సరుకు జొన్న గటక ఉడికినట్టు కుతకుతలాడింది. మురిసిపోయి సరే అనేశాను. వాళ్లు పోసింది అప్పటికే ఆరిన గ్రాన్యూల్స్ అని తర్వాత గానీ వెలగలేదు. ఆరిన సరుకును ఏ మెషీనైనా ఆడిస్తుంది. తడి ముద్ద పోసిన మొదటి పది నిమిషాల్లోనే దాని పస తెలుస్తుంది.

లోపల జరిగేది చూడ్డానికి తేలిగ్గానే ఉంటుంది. అడుగు జల్లెడలోంచి వేడిగాలి వస్తుంది. గాలి తక్కువైతే గింజల సందుల్లోంచి జారిపోతుంది, సరుకు కదలదు. పెంచుతూ పోతే ఒక దశలో గాలి ఒత్తిడే సరుకు బరువంతా మోస్తుంది. అప్పుడు పొడి నీళ్లలా పారుతుంది, చెయ్యి పెడితే మునుగుతుంది. ఆ పైన గాలి ఇంకా పెంచితే ఒత్తిడి పెద్దగా పెరగదు, అదనపు గాలి బుడగలై లేస్తుంది. ఒక్కో బుడగ తన వెనకాల కొంత సరుకును పైకి లాక్కుపోతుంది. కలిసేదీ ఆరేదీ ఎక్కువగా దాని పుణ్యమే.

ఈ మెషీన్లో నాకు బాగా నచ్చింది డీపీ గేజ్, అంటే సరుకు కిందా పైనా గాలి ఒత్తిడిలో తేడా చూపే మీటరు. మొదటి రెండేళ్లు దాన్ని పట్టించుకోలేదు, అందరం అద్దం దగ్గరే నిలబడేవాళ్లం. లెక్క చాలా సులువు: చదరపు మీటరుకు ఎన్ని కిలోల బరువుంటే గేజ్ అన్ని మిల్లీమీటర్ల నీటి మట్టం చూపాలి. మా అడుగు జల్లెడ వ్యాసం 60 సెంటీమీటర్లు, అంటే సుమారు 0.28 చదరపు మీటర్లు. 56 కిలోల తడి సరుకు పోస్తే దాదాపు 200 మిల్లీమీటర్లు రావాలి. గిన్నె కిందికి సన్నబడుతుంది కాబట్టి లెక్క అచ్చంగా కుదరదు, దగ్గర్లో ఉంటుంది. ఖాళీ గిన్నెతో నడిపి జల్లెడ ఒక్కదానికి ఎంత వస్తుందో రాసుకుని అది తీసేయాలి, లేకపోతే అంకె మోసం చేస్తుంది.

గేజ్‌ని నమ్మడం నాకు నేర్పింది ఒక జూలై లాట్. ఇన్‌లెట్ 60 డిగ్రీలు, స్టీమ్ బాగానే ఉంది. ఇరవై నిమిషాలకే ఎగ్జాస్ట్ 46కి ఎక్కింది. సరుకులో తడి ఉన్నంతసేపు బయటికొచ్చే గాలి చల్లగానే ఉంటుంది కాబట్టి, వేడెక్కిందంటే ఆరిపోయిందనే లెక్క. శాంపిల్ తీసి హాలోజన్ బ్యాలెన్స్‌లో పెడితే ఎల్‌ఓడీ, అంటే వేడిచేస్తే తగ్గే బరువు, 5 శాతం దాటింది. మా లిమిట్ 2.5. ఇంకో పావుగంట నడిపినా అంతే. నాణ్యత చూసే క్యూఏ వాళ్లు తలుపు దగ్గరే నిలబడ్డారు, నాకు టెన్షన్. మా సీనియర్ ఆపరేటర్ అద్దం మీద వేలితో తట్టి, "గాలికి తొవ్వ దొరికింది సార్. ఇగ అది సరుకునెందుకు లేపుతది?" అన్నాడు. గేజ్ చూస్తే 90. బరువులో సగం కూడా గాలి మీద లేదు. గిన్నె బయటికి లాగితే మధ్యలో చేయి పట్టేంత బొక్క, చుట్టూ గట్టిపడిన ముద్ద. వేడిగాలి ఆ బొక్కలోంచి సరుకును తాకకుండా వెళ్లిపోయింది. రేకింగ్ చేసి, అంటే సరుకును చేత్తో తిరగేసి, గడ్డలు చిదిపి, మళ్లీ ఎక్కిస్తే నలభై నిమిషాల్లో ఆరింది.

వానాకాలం గాలిది కూడా కొంత పాపం ఉంది. మే మధ్యాహ్నం ఇక్కడి గాలిలో కిలోకు పది గ్రాముల తేమ ఉంటే, జూలైలో ముసురు పట్టిన రోజు పద్దెనిమిది దాకా ఉండొచ్చు. డీహ్యుమిడిఫయర్ లేని ఏహెచ్‌యూతో కొన్నవాళ్లు ఎండాకాలం టైమింగ్‌ని బీఎంఆర్‌లో (ప్రతి లాట్‌కీ పాటించాల్సిన తయారీ రికార్డులో) రాసుకుని తర్వాత బాధపడతారు. మేమూ అదే చేశాం.

ఆరిన సరుకు చక్కగా ఆడి, తడి సరుకు ఎందుకు మొండికేస్తుందో గెల్డార్ట్ అనే పరిశోధకుడు 1973లో చేసిన వర్గీకరణ చూస్తే అర్థమవుతుంది. ఆయన పొడులను నాలుగు గుంపులు చేశాడు. మైదా లాంటి మెత్తని, అంటుకునే పొడి సి గుంపు, గాలి దాన్ని లేపలేక బొక్కలు చేసుకుంటుంది. ఇసుక లాంటిది బి, చక్కగా బుడగలొస్తాయి. సెనగల్లాంటి పెద్ద గింజలు డి, మధ్యలోంచి ఫౌంటెన్‌లా ఎగజిమ్ముతాయి. పెట్రోల్ శుద్ధిలో వాడే క్యాటలిస్ట్ పొడి ఏ, అది అన్నిటికంటే సాఫీగా ఆడుతుంది. మా తడి గ్రాన్యూల్స్ మొదట సి లాగా మొండికేసి, ఆరుతూ ఆరుతూ బి లోకి వస్తాయి. సెట్టింగ్ మాత్రం ఒకటే పెట్టేవాళ్లం! ఇప్పుడు బీఎంఆర్ రేంజి దాటకుండానే మొదట్లో గాలి ఎక్కువ పెట్టి, సరుకు తేలికయ్యాక తగ్గిస్తున్నాం.

తగ్గించకపోతే ఏమవుతుందో కూడా చూశాం. బుడగలు పైకి పోతూ ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతాయి, పైన పగిలినప్పుడు సన్నపొడిని ఫిల్టర్ దాకా చిమ్ముతాయి. గ్రాన్యూల్స్ ఒకదానికొకటి రాసుకుని అరుగుతాయి. ఫైన్స్ (సన్నపొడి) పెరిగి మాత్ర పైపొర లేచిపోతోందని మాత్రలు నొక్కే కంప్రెషన్ వాళ్లు నెలరోజులు మా మీద పడ్డారు, న్యాయంగానే.

నాకు అసలు కోపం ఫిల్టర్ బ్యాగ్ మీద. ఒకటే బ్యాగ్ కాబట్టి దులిపే ప్రతిసారీ డ్యాంపర్ (గాలి దారిలోని తలుపు) మూసి గాలి ఆపాలి. గాలి ఆగగానే తడి సరుకంతా కిందికి కూలి ముద్దవుతుంది. మళ్లీ లేపేలోపు గాలి దారి వెతుక్కుంటుంది. దులపకపోతే బ్యాగ్ మూసుకుపోయి గాలే తగ్గుతుంది. ఫిల్టర్ గది రెండు భాగాలుగా ఉన్న (డబుల్ షెల్) మెషీన్లో ఒక సగం దులుపుతుంటే ఇంకో సగం నడుస్తుంది. ఆ తేడా డబ్బు అప్పుడు మిగుల్చుకున్నాం, తర్వాత రేకింగ్‌లో, షిఫ్ట్ ఓవర్‌టైమ్‌లో పోగొట్టుకున్నాం.

మిగతావాటికి పెద్దగా వంక లేదు. గాలితో ఉబ్బి గిన్నె సందు మూసే గ్యాస్కెట్ రెండుసార్లు మార్చాం. ఎర్తింగ్ క్లిప్పు తగిలించకపోతే మెషీన్ స్టార్ట్ కాదు, స్టాటిక్ నిప్పురవ్వకు అంటుకునే సాల్వెంట్‌తో పనిచేసేవాళ్లకు అది ప్రాణం. జల్లెడను కడిగాక లైటుకు ఎదురుగా పట్టి చూడాలి, మూలన నాలుగు వేళ్లంత మేర పూడుకుపోయినా ఆ పక్క సరుకు చచ్చినట్టు పడుంటుంది.

అయిదుకు మూడున్నర ఇస్తాను. పోయిన నెల రెండోది ఆర్డర్ పెట్టాం, డబుల్ షెల్‌తో. ఈసారి డెమోకి మా తడి ముద్దే డ్రమ్ములో పట్టుకెళ్లాం. గేజ్‌ని వాళ్లు తల పైన ఎక్కడో బిగిస్తే, మా ఆపరేటర్ అద్దం పక్కకు దింపించాడు.