43 సెంటీమీటర్లకు ఒక చుట్టు: ఒకే సెన్సిటివిటీతో చాలాకాలం ఆడాక

షూటింగ్ ఆటల్లో మౌస్ కదలికకు చూపు ఎంత తిరగాలో చెప్పే సెట్టింగ్‌ను సెన్సిటివిటీ అంటారు. చాలాకాలంగా నాది ఒకటే సెన్సిటివిటీ. మౌస్‌ను 43 సెంటీమీటర్లు జరిపితే ఆటలో నా క్యారెక్టర్ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. కౌంటర్‌స్ట్రైక్ 2 అయినా, వాలరెంట్ అయినా, ఓవర్‌వాచ్ అయినా అదే దూరం. ఈలోగా మౌస్ మారింది, ప్యాడ్ మారింది, మానిటర్ కూడా మారింది. దూరం మాత్రం మార్చలేదు. బాగుందా అని అడిగితే బాగుందనే చెప్తాను. అందరికీ నప్పుతుందా అంటే మాత్రం కొన్ని షరతులున్నాయి.

సెన్సిటివిటీ ఎంత అని అడిగితే చాలామంది ఆటలో కనిపించే అంకె చెప్తారు. ఆ అంకె ఒక్కటే వింటే ఏమీ తెలియదు. మౌస్ ఒక అంగుళం జరిగితే ఎన్ని కౌంట్లు పంపాలో డీపీఐ చెప్తుంది. ఒక్కో కౌంట్‌కు చూపు ఎంత తిరగాలన్నది ఆట చూసుకుంటుంది. సెన్సిటివిటీ 1 దగ్గర కౌంటర్‌స్ట్రైక్ ఒక కౌంట్‌కు 0.022 డిగ్రీలు తిప్పుతుంది, వాలరెంట్ 0.07, ఓవర్‌వాచ్ 0.0066. నా మౌస్ 800 డీపీఐలో ఉంటుంది. కౌంటర్‌స్ట్రైక్‌లో 1.2 పెట్టాను. దాన్ని 3.18తో (0.07ను 0.022తో భాగిస్తే వచ్చేది) భాగిస్తే వాలరెంట్‌కు 0.377 వచ్చింది. ఓవర్‌వాచ్‌లో 4. చూడ్డానికి మూడూ వేరు, చేతికి మూడూ ఒకటే. అపెక్స్ లెజెండ్స్ లెక్క కౌంటర్‌స్ట్రైక్ లెక్కే కాబట్టి అక్కడా 1.2 సరిపోయింది. డీపీఐని సెన్సిటివిటీతో గుణించి ఈడీపీఐ అంటుంటారు. ఒకే ఆట ఆడే ఇద్దరు పోల్చుకోవడానికి అది పనికొస్తుంది, ఆట మారితే పనికిరాదు. నాకే కౌంటర్‌స్ట్రైక్‌లో 960, వాలరెంట్‌లో 302 వస్తుంది.

అందుకే సెంటీమీటర్ల లెక్కే నాకు నచ్చింది. పైగా దాన్ని స్కేలుతో కొలవచ్చు. ప్యాడ్ అంచున స్కేలు పెట్టి, తెర మధ్యలో ఉండే గురి గుర్తును, అంటే క్రాస్‌హెయిర్‌ను, ఒక గోడ మూల మీద ఉంచి, మళ్లీ అదే మూల వచ్చేవరకు మౌస్ జరిపి చూస్తే చాలు. మౌస్ మార్చినప్పుడు ఈ పని తప్పకుండా చేయండి. రెండు మౌస్‌ల మీదా 800 అనే రాసున్నా అసలు డీపీఐ కొద్ది శాతం అటూ ఇటూ ఉండొచ్చు. కొత్త మౌస్‌తో తలకు గురిపెట్టిన తూటా ప్రతిసారీ చెవి పక్కనుంచే పోతోందంటే చేతిని అనుమానించే ముందు ఒకసారి కొలవండి.

ఇక ఆటలో తేడా. అన్నిటికంటే ఎక్కువ లాభం చిన్న దిద్దుబాట్లలో కనిపించింది. శత్రువు తల పక్కన క్రాస్‌హెయిర్ ఆగినప్పుడు చివరి ఒకటి రెండు డిగ్రీలు సర్దుకోవడం ఉంటుంది కదా, అక్కడ చేయి తొందరపడి దాటిపోవడం బాగా తగ్గింది. ఈ సెట్టింగ్‌లో ఒక డిగ్రీ అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్లు, వేళ్లకు అందే కొలతే. అదే 15 సెంటీమీటర్ల చుట్టు పెట్టుకున్నవాళ్లకు డిగ్రీకి అర మిల్లీమీటరు కూడా రాదు. టెన్షన్‌లో చేయి కాస్త బిగిసిందంటే ఆ అర మిల్లీమీటరు ఎటు పోతుందో చెప్పలేం. ఏకే-47 కాల్చేటప్పుడు గురి పైకి లేవడాన్ని (రీకాయిల్‌ను) కిందికి లాగడం కూడా నిలకడగా వస్తోంది. ఒకే దూరం లాగీ లాగీ చేతికి అలవాటైపోయింది మరి.

వెనక్కి తిరగడం మాత్రం ఖరీదైన వ్యవహారమే. 180 డిగ్రీలకు దాదాపు 22 సెంటీమీటర్లు జరపాలి. మణికట్టుతో అయ్యే పని కాదు, మోచేతి నుంచి చేయంతా కదలాలి. 45 సెంటీమీటర్ల వెడల్పున్న ప్యాడ్ లేకుండా దీని జోలికి పోవద్దు. చిన్న ప్యాడ్ మీద సగం తిరగగానే అంచు వచ్చేస్తుంది, మౌస్ ఎత్తి మళ్లీ పెట్టేలోపు అవతలివాడు పని కానిచ్చేస్తాడు. కీబోర్డును ఏటవాలుగా తిప్పి కొంత చోటు సంపాదించాను. బల్ల ఎత్తు సరిగా లేకపోతే భుజం నొప్పి కూడా గ్యారంటీ.

తుపాకీ మీద దూరాన్ని దగ్గరగా చూపే స్కోప్ దగ్గర ఒకే దూరమనే సూత్రం పనిచేయదు. జూమ్ చేస్తే తెర మీద బొమ్మ పెద్దదవుతుంది, కాబట్టి తిరిగే వేగం తగ్గాలి. ఎంత తగ్గాలన్నదే పేచీ. కౌంటర్‌స్ట్రైక్‌లో జూమ్ సెన్సిటివిటీ మామూలుగా 1 ఉంటుంది. దాన్ని 0.82 దగ్గరికి తెస్తే స్కోప్ పెట్టినా పెట్టకపోయినా క్రాస్‌హెయిర్ చుట్టుపక్కల బొమ్మ ఒకే వేగంతో కదులుతున్నట్టు ఉంటుంది. నాకు అదే కుదిరింది. కానీ ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ తుపాకీతో పెద్ద ఫ్లిక్‌లు (ఒక్కసారిగా గురి తిప్పి కాల్చడం) కొట్టేవాళ్లకు అది బరువుగా అనిపిస్తుంది, వాళ్లు 1 దగ్గరే ఉండటం మంచిది.

మిగతా సెట్టింగ్‌ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. విండోస్‌లో ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ దగ్గర టిక్ తీసేయండి. పేరులో ప్రెసిషన్ ఉన్నా అది చేసేది చేతి వేగాన్ని బట్టి దూరం మార్చడమే. విండోస్‌ను పక్కనపెట్టి మౌస్ కౌంట్లను నేరుగా తీసుకునే (రా ఇన్‌పుట్) ఆటల్లో దాని ప్రభావం ఉండదు గానీ తీసి ఉంచితే అనుమానమే ఉండదు. మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు సమాచారం పంపుతుందో చెప్పే పోలింగ్ రేట్ 1000 హెర్ట్జ్ చాలు. 400 డీపీఐ మేలా 800 మేలా అనే వాదనలో నేను తలదూర్చను. నా సెట్టింగ్‌ను 400కి మార్చి ఆటలో రెట్టింపు చేసినా, 1920 పిక్సెళ్ల తెర మధ్యలో ఒక కౌంట్‌కు చూపు ఒక పిక్సెల్ కంటే తక్కువే కదులుతుంది, కాబట్టి తేడా కనిపించదు.

అసలు కష్టం వేరే ఉంది. రెండు మ్యాచ్‌లు ఓడితే చేయి నేరుగా సెట్టింగ్స్‌లోకి పోతుంది. కొత్త అంకెతో మొదటి గంట అద్భుతంగా ఉంటుంది కూడా, ఎందుకంటే అప్పుడు జాగ్రత్తగా ఆడతాం. ఆ తర్వాత పాత తప్పులన్నీ తిరిగొస్తాయి. నిజంగా మార్చాలనిపిస్తే కారణం చెప్పగలగాలి. తలను ప్రతిసారీ దాటిపోతుంటే కాస్త తగ్గించాలి, ప్రతిసారీ ముందే ఆగిపోతుంటే కాస్త పెంచాలి. ఒకసారి దాటి, ఒకసారి ఆగుతుంటే సెన్సిటివిటీతో దానికి సంబంధం లేదు, సాధన చాలలేదంతే. మార్చినా పది శాతం మించవద్దు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు 30 నుంచి 45 సెంటీమీటర్ల మధ్య ఎక్కడైనా ఆగొచ్చు.

ఈ పద్ధతికి నేనిచ్చిన మినహాయింపు ఒక్కటే, ఓవర్‌వాచ్‌లో ట్రేసర్ అనే హీరో. శత్రువు పక్కనే ఉండి క్షణానికోసారి వెనక్కి తిరగాల్సిన హీరోకు 43 సెంటీమీటర్లు మరీ నెమ్మది. అదృష్టం కొద్దీ ఆ ఆటలో ఒక్కో హీరోకు వేరే సెన్సిటివిటీ పెట్టుకోవచ్చు. ట్రేసర్‌కు 5.2 పెట్టాను, చుట్టుకు 33 సెంటీమీటర్లు పడుతుంది. ఆమెతో ఆడి మళ్లీ వేరే హీరోకు వస్తే మొదటి రెండు మూడు ఫైట్లలో చేయి తడబడుతుంది, ఆ మాత్రం ఓర్చుకుంటున్నాను.