ఉడుతకు చారలు గీసుకున్నాం: అమ్మే వర్క్‌షీట్లకు బొమ్మలు వెతికిన ఆరేళ్లు

పిల్లలకు తెలుగు నేర్పే వర్క్‌షీట్లు, ఫ్లాష్‌కార్డులు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. అంతకుముందు బడిలో పాఠం చెప్పే రోజుల్లో గూగుల్‌లో కనబడిన బొమ్మనల్లా దించుకుని, ప్రింటు తీసి గోడకు అంటించేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు. బోధనలో భాగంగా ఉపాధ్యాయులు చేసుకునే నకళ్లకు మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. అదే బొమ్మను పీడీఎఫ్‌లో పెట్టి నూట యాభై రూపాయలకు అమ్మితే మాత్రం ఆ వెసులుబాటు మనల్ని కాపాడదు. ఈ తేడా నాకు ఒక ఏనుగు నేర్పింది.

‘ఏ – ఏనుగు’ కార్డు కోసం ఒక ఉచిత బొమ్మల సైటు నుంచి ముచ్చటైన గున్న ఏనుగును తీసుకున్నాను. వాణిజ్య వినియోగానికి ఉచితం అని కిందే రాసి ఉంది. ఎనిమిది నెలలు గడిచాక, నేను సరుకు పెట్టిన ఆన్‌లైన్ అంగడి నుంచి మెయిలు వచ్చింది, మీ మీద ఫిర్యాదు అందింది అని. ఆ ఏనుగు విదేశాల్లో క్లిప్‌ఆర్ట్ (ఇతరులు తమ పనుల్లో వాడుకునే రెడీమేడ్ బొమ్మలు) అమ్ముకుని బతికే ఒక చిత్రకారిణిదట. ఎవరో ఆమె దగ్గర కొని, తమ సొంతమన్నట్టు ఆ ఉచిత సైటులో ఎక్కించారు. ఒక్క ఏనుగు కోసం నా కార్డుల సెట్టు మొత్తం ఆ సాయంత్రానికి అమ్మకం నుంచి పోయింది. ఆమెకు క్షమాపణ రాసి, బొమ్మ మార్చి, మళ్లీ పెట్టుకునేసరికి బడులు తెరిచే సీజను కాస్తా దాటిపోయింది. సైటు పేరు ఇక్కడ అనవసరం. ఎవరైనా బొమ్మలు ఎక్కించగలిగే చోట ఎక్కడైనా ఇది జరుగుతుంది.

అప్పటినుంచి ఒక రిజిస్టరు పెట్టాను. ఎక్సెల్‌లో ఆరు కాలమ్‌లు: బొమ్మ, గీసినవారి పేరు, లింకు, లైసెన్సు, దించుకున్న తేదీ, ఏ వర్క్‌షీట్లో వాడాను. లైసెన్సు పేజీని ఆ రోజే పీడీఎఫ్‌గా దాస్తాను. ఏ బొమ్మనైనా ముందు, అది ఇంకెక్కడెక్కడ ఉందో చూపే టిన్‌ఐలోనో గూగుల్ లెన్స్‌లోనో వెతుకుతాను. అది ఇంకెక్కడో డబ్బుకు అమ్ముడవుతూ కనిపిస్తే ముట్టుకోను.

తేదీ కాలమ్ ఎందుకని మొదట్లో నాకే అనిపించేది. పిక్సాబే అనే ఉచిత బొమ్మల సైటు విషయం తెలిశాక అర్థమైంది. అక్కడి బొమ్మలు ఒకప్పుడు సీసీ జీరో, అంటే క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుల పద్ధతిలో హక్కులన్నీ వదిలేసినవి. 2019 జనవరిలో వాళ్లు సొంత లైసెన్సుకు మారారు. ఇప్పటికీ వాణిజ్యానికి వాడుకోవచ్చు, పేరు వేయనక్కర్లేదు, కానీ బొమ్మను ఉన్నదున్నట్టు విడిగా అమ్మకూడదు. ఫొటోల సైటు అన్‌స్ప్లాష్ కూడా 2017లో ఇలాగే మారింది. వర్క్‌షీటుకు ఈ షరతు అడ్డు రాదు. చిక్కంతా ఫ్లాష్‌కార్డుతోనే. కార్డు మీద ఒక బొమ్మ, కింద ఒక మాట, అంతే ఉంటే మనం అమ్ముతున్నది కార్డా, బొమ్మా? నేను ప్రతి కార్డుకూ పెద్ద అక్షరం, చుక్కల మీద దిద్దుకునే గీత, వెనక ఒక చిన్న ఆట చేరుస్తాను. కాన్వా అనే డిజైన్ సైటులో చేసేటప్పుడూ ఇదే పద్ధతి. చివర్లో పీడీఎఫ్‌ను ఫ్లాటెన్ చేసి, అంటే అన్నీ ఒకే పొరగా కలిపేసి ఇస్తాను, కొన్నవాళ్లు అందులోంచి బొమ్మను ఊడదీసుకోకుండా. డబ్బిచ్చి కొనే క్లిప్‌ఆర్ట్‌లోనూ చాలామంది అమ్మకందార్లు ఈ షరతే పెడతారు. కొందరు తమ పేరు, దుకాణం లింకు కూడా వేయమంటారు. ఇలాంటివి కొనేముందు చదవాలి. నేను రెండుసార్లు కొన్నాక చదివాను.

ఫ్రీపిక్ అనే బొమ్మల సైటును ఉచితంగా వాడితే పేరు వేయాలి, చందా కడితే అక్కర్లేదు. నేను దించుకున్న జిప్ ఫైళ్లలో లైసెన్సు కాగితం కూడా ఉండేది, రిజిస్టరు రాసే నాలాంటివాళ్లకు ఆ మాత్రం చాలు.

నా సొంత తప్పు ఒకటి చెప్పాలి. మాటలు ఆలస్యమైన పిల్లల కోసం ‘నీళ్లు కావాలి’, ‘కడుపు నొప్పి’ లాంటి కార్డులు చేశాను. వాటికి స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంతీయ ప్రభుత్వం వారి ఆరాసాక్ చిహ్నాలు చక్కగా కుదిరాయి. క్రియేటివ్ కామన్స్ అన్న మాట చూసి సంతోషపడిపోయాను. దాని వెనక ఉన్న ‘ఎన్‌సీ’ అనే రెండక్షరాలను చూడలేదు. వాణిజ్యానికి వాడరాదని వాటి అర్థం. ఎవరూ పట్టుకోకముందే నాకే కనిపించింది కాబట్టి ఆ సెట్టును అమ్మకం నుంచి తీసి, గీసినవారి పేర్లతో, అదే లైసెన్సుతో ఉచితంగా ఇచ్చేశాను. నిజానికి అదే సరైన చోటు దానికి. ఇప్పుడు సీసీ అని కనబడగానే నా కళ్లు ముందు తోక వైపు పోతాయి. ‘బై’ ఉంటే పేరు వేస్తే చాలు, ‘ఎన్‌సీ’ ఉంటే వదిలేయాలి, ‘ఎన్‌డీ’ ఉంటే మార్చిన బొమ్మను బయట పెట్టకూడదు. ‘ఎస్‌ఏ’ ఉంటే మనం మార్చిన బొమ్మను కూడా అదే లైసెన్సుతో ఇవ్వాలి. అందుకే వికీమీడియా కామన్స్ నుంచి ఎస్‌ఏ బొమ్మలు తీసుకుంటే రంగు కూడా మార్చను.

ఇదంతా చదివి లైసెన్సుల గొడవే పెద్ద కష్టమనుకోకండి. ఒక వారం కూర్చుంటే ఎవరికైనా వంటబడుతుంది. అసలు కష్టం వేరే ఉంది. చట్టప్రకారం దొరికే బొమ్మల్లో మన ఊరు ఉండదు.

ఆవు అని వెతకండి. నల్లమచ్చల హోల్‌స్టెయిన్ ఆవులు వందలు వస్తాయి, మూపురమున్న ఆవు ఎక్కడో ఒకటి. ఇల్లంటే పొగగొట్టం, వాలు కప్పు, మంచు. పొలమంటే ఎర్రటి కొట్టం. కాయగూరల్లో బ్రకోలీకి కొదవ లేదు గానీ దొండకాయ కావాలంటే పగలంతా వెతకాలి. ‘ఉ – ఉడుత’ కోసం వెతికితే కుచ్చుతోక ఎర్ర ఉడుతలే. మన పెరట్లో జామచెట్టెక్కే ఉడుతకు వీపు మీద మూడు తెల్లచారలుంటాయి, తోక అంత పొంకంగా ఉండదు. చివరికి ఓపెన్‌క్లిప్‌ఆర్ట్‌లో ఒక ఉడుతను పట్టుకున్నాను. 2004లో మొదలైన సైటు, బొమ్మలన్నీ సీసీ జీరో, పైగా ఎస్‌వీజీ ఫైళ్లు కాబట్టి గీత గీతా విడదీసి మార్చుకోవచ్చు. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేరులో తెరిచి తోక సన్నం చేసి, ఎరుపు తీసి బూడిద రంగు నింపి, మా అమ్మాయి మౌసు పట్టుకుంటే నేను పక్కన నిలబడి మూడు చారలు గీయించాను. మూడోది కాస్త వంకర పోయింది, ఉంచేశాం.

ఆ సెట్టు అమెరికాలో ఉన్న ఒక తల్లి కొన్నారు. పాపను తెలుగు నేర్పే మనబడి తరగతులకు పంపుతున్నారట. వారం తర్వాత ఆమె దగ్గరినుంచి సందేశం: “అంతా బాగుందండీ, కానీ మా పాప ఉడుత బొమ్మ చూసి చిప్‌మంక్ అంటోంది.” అక్కడి పెరట్లో చారలున్నది చిప్‌మంక్, చారలు లేనిదే ఉడుత! ఎర్ర ఉడుతను వద్దనుకుని ఇంత కష్టపడి చారలు పెడితే అవే అడ్డొచ్చాయి. ఆమెకు ఏమని జవాబివ్వాలో తోచక, ఇక్కడి ఉడుత ఫొటో ఒకటి తీసి పంపాను.

ఈ లోటును కొంతైనా తీర్చింది ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్. 2015లో మొదలైంది. పిల్లల కథలు చదువుకునే చోటుగానే చాలామందికి తెలుసు గానీ అందులో బొమ్మల నిధి కూడా ఉంది. ఎక్కువ భాగం సీసీ బై 4.0, అంటే పేర్లు వేసి అమ్మే వస్తువులోనూ వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినట్టు ఒక మాట చెప్పాలి. గీసినవాళ్లలో మన దేశపు చిత్రకారులే ఎక్కువ కాబట్టి బొమ్మలో అమ్మ చీర కట్టుకుని ఉంటుంది, అరుగు ఉంటుంది, ఆటో ఉంటుంది. కథ చివర ఏ పేజీ బొమ్మ ఎవరిది, ఏ లైసెన్సు అని విడివిడిగా రాస్తారు; అక్కడినుంచే నా రిజిస్టరులోకి ఎక్కిస్తాను. ఇబ్బంది ఒక్కటే: అవి కథకోసం గీసిన పూర్తి సన్నివేశాలు, విడి బొమ్మలు కావు. సంత బొమ్మలోంచి ఒక్క గంపను కత్తిరించడానికి ఒక పూట పట్టింది, అయినా అంచులు కొరికినట్టే వచ్చాయి. అందుకని వాటిని అక్షరాలకు వాడడం మానేశాను. ‘బొమ్మ చూసి ఐదు వాక్యాలు రాయండి’ అనే పేజీలకు మాత్రం వాటికి సాటి లేదు. పీడీఎఫ్ చివర్లో చిత్రకారుల పేర్ల పేజీ రెండు పుటలైంది.

దేశపటం దగ్గర మరింత జాగ్రత్త కావాలి. కామన్స్‌లోనూ, పెద్ద బొమ్మల బ్యాంకుల్లోనూ భారతదేశ పటాలు రకరకాల సరిహద్దులతో ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా పటానికి భిన్నమైనది ప్రచురించడం 1961 నాటి క్రిమినల్ లా సవరణ చట్టం కింద నేరం, కాపీరైట్ పరంగా ఆ బొమ్మ ఎంత ఉచితమైనా సరే. 2014కు ముందు గీసినవాటిలో తెలంగాణ విడిగా ఉండదు, 2019 అక్టోబరుకు ముందువాటిలో లద్దాఖ్ విడిగా ఉండదు. ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022 ఏప్రిల్లో 13 నుంచి 26 అయినప్పుడు నేను పటాల సెట్టు మళ్లీ మొదటినుంచీ చేశాను. నాలుగు సింహాల చిహ్నం కూడా అంతే. ఫైలు ఉచితంగా దొరుకుతుంది, వ్యాపారానికి వాడడాన్ని 2005 చట్టం నిషేధించింది. సాంఘిక శాస్త్రం వర్క్‌షీటు ముఖపత్రం మీద దాన్ని పెట్టుకుని అమ్మేవాళ్లను ఇప్పటికీ చూస్తున్నాను.

ఏఐతోనూ ప్రయత్నించాను. రోలు అడిగితే మందుల దుకాణం గుర్తులాంటి గిన్నె ఇచ్చింది. ‘అ’ రాయమంటే అక్షరంలాంటిదేదో గీసింది. పైగా మనిషి చేయి లేని బొమ్మకు కాపీరైట్ ఉండదని అమెరికా కాపీరైట్ కార్యాలయం అంటోంది, అంటే నా కార్డులోని బొమ్మను ఇంకొకరు ఎత్తుకుపోయినా నేను అడ్డం చెప్పలేకపోవచ్చు. మానేశాను.

ఫాంట్లకూ లైసెన్సు ఉంటుందని చాలామంది మరిచిపోతారు. ఈ విషయంలో మాత్రం మనం అదృష్టవంతులం. గూగుల్ ఫాంట్స్‌లో ఉన్న మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో వచ్చాయి, ఫాంటును మాత్రమే విడిగా అమ్మకుండా ఉంటే చాలు.

గత రెండేళ్లుగా నా బొమ్మల్లో సగం గీయించుకున్నవే. ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న ఒక అబ్బాయి బొమ్మకు మూడు వందల చొప్పున గీసి ఇస్తున్నాడు. మొదటి విడతలో నోటిమాటతో కానిచ్చేశాం. తర్వాత తెలిసింది, హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలని. చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాగితంలో కాలం రాయకపోతే ఐదేళ్లకే అనుకుంటారు, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అనుకుంటారు. నా కొనుగోలుదార్లలో చాలామంది దేశం బయటివాళ్లే! పాత బొమ్మలన్నిటికీ కలిపి ఇప్పుడు ఒక కాగితం రాసుకున్నాం: కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా. తన పనిగా వాటిని చూపించుకునే హక్కు అతనికి ఉంచాను. సంతకం పెట్టేముందు రెండుసార్లు చదివాడు, నాకు నచ్చింది.

ఈ నెల ‘క’ గుణింతం సెట్టుకు కవ్వం బొమ్మ కావాలన్నాను. అతను ఎప్పుడూ చూడలేదట. పంపిన స్కెచ్‌లో కవ్వం గరిటెలా ఉంది. అటక మీదనుంచి మా అమ్మ కవ్వం దించి, దుమ్ము తుడిచి, కిటికీ వెలుగులో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీశాను. అతనికి పంపేముందు అలవాటుగా రిజిస్టరు తెరిచాను. లైసెన్సు కాలమ్ దగ్గర ఒక్క క్షణం ఆగి, ‘సొంతం’ అని రాశాను.