ఐఫోనులో ‘జ్ఞానం’ రాసి రెండేళ్లు

కొత్త ఐఫోను పెట్టె విప్పి, వైఫై కలిపి, నోట్స్ తెరిచి మొట్టమొదట ‘జ్ఞానం’ అని రాశాను. పక్కన కూర్చున్న మా ఆవిడ “ఇప్పటికైనా వచ్చిందా?” అని నవ్వింది.

దీని వెనుక ఒక పాత కథ ఉంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో ఎదురైతే చాలు, ఐఫోన్లు తట్టుకోలేకపోయేవి. ఆ అక్షరమున్న సందేశం వచ్చిన యాప్ తెరుచుకోనని మొరాయించేది. అదే నోటిఫికేషన్‌లో కనబడితే ఫోనంతా పడుతూ లేస్తూ ఉండేది. కొన్నాళ్లకే ఐఫోన్లను నడిపే సాఫ్ట్‌వేరు ఐఓఎస్ 11.2.6 వచ్చి దాన్ని సరిదిద్దింది. అప్పట్లో మా ఆఫీసులో తెలుగు అనువాదకులం నలుగురమూ ఆండ్రాయిడ్ వాళ్లమే. ఐఫోన్లున్న కన్నడ, తమిళ మిత్రులను “ఒక్క అక్షరం పంపిస్తే మీ ఫోను మంచం పడుతుంది, జాగ్రత్త” అని బెదిరించేవాళ్లం. తెలుగు లిపికి అంత బలముందని తెలిసి లోపల కాస్త గర్వపడ్డాం కూడా.

ఆ గర్వంతోనే మరో అయిదేళ్లు ఆండ్రాయిడ్‌లో గడిపి, 2023 దసరా అమ్మకాల్లో ఐఫోన్ 13 కొన్నాను. అప్పటికే 15 వచ్చేసింది కనుక 13 ధర తగ్గింది. పాత ఫోనుకు రెండు పెద్ద అప్‌డేట్లు వచ్చి ఆగిపోయాయి. బ్యాటరీ మధ్యాహ్నం భోజనానికే చేతులెత్తేసేది. మారడానికి నాకున్న కారణాలు ఈ రెండే. హోదా కోసమని మా బావమరిది ఈనాటికీ అంటాడు. అననివ్వండి.

నేను రోజంతా తెలుగు రాస్తాను. మందుల పెట్టెల్లో పెట్టే సూచనలు, యాప్‌లలో కనబడే మాటలు, ప్రకటనలు తెలుగు చేయడం నా ఉద్యోగం. అందుకని ఈ సమీక్షలో కెమెరా గురించి ఒక్క వాక్యమే: బాగుంది. నాకు ఫోనంటే ముందు కీబోర్డు.

ఆండ్రాయిడ్‌లో ఏళ్ల తరబడి గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డుతో రాశాను. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే పద్ధతి నా వేళ్లకు ఎంతగా పట్టేసిందంటే, రాస్తున్నది ఇంగ్లీషు అక్షరాలతోనన్న ధ్యాసే ఉండేది కాదు. ఐఫోనుకు వచ్చాక మొదటి ఏడాది దానితో వచ్చిన తెలుగు కీబోర్డుతోనే నెట్టుకొచ్చాను. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు మీటల మీద పరిచి ఉంటాయి. ‘జ్ఞా’ రాయాలంటే జ నొక్కాలి, పొల్లు నొక్కాలి, ఞ ఎక్కడుందో వెతికి నొక్కాలి, ఆపైన దీర్ఘం. నాలుగు నొక్కులు, ఒక వెతుకులాట. బడిలో మాస్టారు “ఞ ఎక్కడ వస్తుందో చెప్పరా” అని అడిగినప్పుడు నీళ్లు నమిలినవాడిని, నలభై ఏళ్ల వయసులో మళ్లీ అదే ప్రశ్న దగ్గర నిలబడ్డాను.

మొదటి వారం ఆఫీసు గుంపులో నా జవాబులన్నీ పొడి పొడిగా ఉండేవి. ‘సరే’, ‘అలాగే’, ‘చూస్తాను’. కోపంగా ఉన్నానేమోనని మా మేనేజరు విడిగా పిలిచి అడిగింది. ‘పరిశీలించి సాయంత్రంలోగా తెలియజేస్తాను’ అని రాసే ఓపిక నా బొటనవేళ్లకు లేదని ఎలా చెప్పను?

విసుగెత్తి ఇంగ్లీషు కీబోర్డులోనే తెలుగు మాటలు కొట్టడం మొదలుపెట్టాను. దాని తప్పులు దిద్దే గుణం ఇంకో బాధ. బావగారిని జావాగారిని చేసింది. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కావడం వల్ల పెద్దగా పట్టించుకోలేదు.

2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18 వచ్చాక పరిస్థితి మారింది. ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగు లిపిలోకి మార్చే కీబోర్డు ఫోనుతోనే వచ్చింది. ఇంగ్లీషుతో పాటు రెండు భారతీయ భాషల దాకా ఒకే కీబోర్డులో పెట్టుకోవచ్చు. తెలుగు మీటలనే వాడేవారికి అక్షరమాల వరుసలో ఉండే అమరిక కూడా ఇచ్చారు. మామూలు మాటలు చక్కగా వస్తాయి. సంధి కలిసిన మాటలు, ‘వచ్చాడట’, ‘ఉందేమో’ లాంటివి వచ్చినప్పుడు ఇప్పటికీ తడబడుతుంది. ల, ళల దగ్గర సూచనల వరుసను ఒకసారి చూసుకోవాలి. నా పాత అలవాటుతో పోలిస్తే తొంభై శాతం సుఖం. మిగతా పది శాతాన్ని ఆఫీసు కంప్యూటర్ మీద తీర్చుకుంటున్నాను.

చదవడం మాత్రం మొదటి రోజు నుంచీ హాయిగా ఉంది. ఇందులో కనిపించే తెలుగు ఖతి (ఫాంటు) పేరు కొహినూర్ తెలుగు. ఒత్తులు కిందికి జారి తరువాతి పంక్తిని ఒరుసుకోవడం, చిన్న సైజులో వట్రుసుడి మాయమవడం నాకు ఎక్కడా ఎదురుకాలేదు. మెట్రోలో నిలబడి పాతిక పేజీల అనువాదం సరిచూసినా కళ్లు లాగవు. లిపి అందంగా కనబడే ఫోనులో రాయడమే కష్టమైతే ఎలా ఉంటుందో ఆ ఏడాదంతా చూశాను. పెళ్లిభోజనం ఎదురుగా పెట్టి చేతులు వెనక్కి కట్టేసినట్టు ఉండేది.

ఇక మారే రోజు సంగతి. అది తెలియక నేను పడ్డ పాట్లు మీరు పడకూడదు. వాట్సాప్ సంభాషణలను ఆండ్రాయిడ్ నుంచి ఐఫోనుకు తరలించే వీలు 2022 లోనే వచ్చింది. ‘మూవ్ టు ఐఓఎస్’ అనే యాప్‌ను పాత ఫోనులో వేసుకోవాలి. ఇదంతా కొత్త ఫోను తొలి ఏర్పాట్లు పూర్తి కాకముందే జరగాలి. నేను ఉత్సాహం కొద్దీ అన్నీ దాటుకుంటూ పోయి, ‘జ్ఞానం’ రాసి, ఫోటోలు తీసి, ఆ తరువాత వాట్సాప్ తెరిచాను. ఖాళీ.

పోతే పోనీ అనుకోవడానికి లేదు. మా అనువాదకుల గుంపులో ఏడేళ్ల మాటల పంచాయతీ ఉంది. ‘సెట్టింగ్స్’ను అమరికలు అనాలా సెట్టింగులు అనాలా అని మూడు రోజులు కొట్టుకున్న రికార్డు అందులోనే ఉంది. పాత తీర్పులు ఎత్తి చూపాలంటే ఆ గుంపే నాకు నిఘంటువు. చేసేది లేక కొత్త ఫోనును పూర్తిగా చెరిపేసి, రాత్రి పదకొండు గంటలకు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. బెంగళూరు మారతహళ్లిలో మా గదిలో ప్లగ్గు ఒక్కటే మంచం పక్కన ఉంది. రెండు ఫోన్లూ పొడవు తీగల మీద పక్కపక్కనే పడుకున్నాయి. పాత ఫోనులో ఆ యాప్ తెర మీదే ఉండాలి, వేరే యాప్‌లోకి వెళ్తే పని ఆగిపోతుంది. అందుకని దాన్ని ముట్టుకోకుండా కాపలా కూర్చున్నాను. ముప్పై చిల్లర జీబీ కదిలి వచ్చేసరికి రెండయింది. అన్నీ వచ్చాయి. అమరికలు, సెట్టింగుల తగాదాతో సహా.

అసలు దెబ్బ మర్నాడు తగిలింది. యూపీఐ యాప్‌లు కొత్త ఫోనులో మళ్లీ నమోదు కావాలి. అందుకు బ్యాంకుకు లంకె ఉన్న నంబరు నుంచే ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఆండ్రాయిడ్‌లో అది దానంతట అదే వెళ్లిపోతుంది, ఐఫోనులో మనం నొక్కి పంపాలి. అక్కడిదాకా పేచీ లేదు. ఆ తరువాత చదివాను మా బ్యాంకు నియమం: ఫోను మారితే ఆండ్రాయిడ్‌లో మొదటి 24 గంటలు, ఐఫోనులో 72 గంటలు, అయిదు వేల రూపాయలకు మించి పంపకూడదు. మోసగాళ్లు ఎవరి నంబరో కాజేసి ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన కట్టడి. మంచిదే. కానీ ఆ రోజు అయిదో తారీఖు. అద్దె రోజు.

మా ఇంటి ఓనరు గారు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువారు. ఆయన తెలుగులో సగం కన్నడ పరిమళిస్తుంది. ఫోను చేసి సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, “ఏమయ్యా, ఐఫోను కొన్నావట, అద్దెకు మాత్రం అయిదు వేలేనా?” అన్నారు. ఆ సాయంత్రం ఏటీఎం ముందు నిలబడి, చాలా ఏళ్ల తరువాత నోట్లు లెక్కపెట్టుకుని తీసుకెళ్లి చేతికిచ్చాను. ఆయనకు నోట్లే నచ్చినట్టున్నాయి, కాఫీ కూడా ఇచ్చారు.

సిమ్ముల సంగతి కూడా ముందే చూసుకోండి. నాకు రెండు నంబర్లు: ఆధార్‌కూ బ్యాంకుకూ ముడిపడిన మదనపల్లె నంబరు ఒకటి, ఆఫీసు పనికి బెంగళూరు నంబరు ఒకటి. మన దగ్గర అమ్మే నా మోడల్‌లో సిమ్ము పెట్టే చోటు ఒక్కటే, రెండోది ఈసిమ్, అంటే విడి కార్డు లేకుండా ఫోనులోనే ఉండే సిమ్ము, కావాలి. బెంగళూరు నంబరును ఈసిమ్ చేయించాను. ఫోను పాడైతే సిమ్ము తీసి ఇంట్లో ఉన్న పాత ఫోనులో వేసుకునే వెసులుబాటు ఆ నంబరుకు ఇక లేదు.

చిన్న చిన్న అలవాట్లు పెద్ద వాటికంటే ఎక్కువ కాలం పీడిస్తాయని నేను ఊహించలేదు. ఆండ్రాయిడ్‌లో అంకెల పలక మీద 2662 కొడితే ‘అమ్మ’ వచ్చేది. ఇంగ్లీషు అక్షరాలు ఆ అంకెల మీదే ఉంటాయి కదా. దాని ముందు ఒక ఆరు చేరిస్తే, 62662, ‘నాన్న’. పేరు చూడకుండానే వేలు పోయేది. ఐఫోనులో ఈ సౌకర్యం లేదని తెలియక మొదటి నెలంతా 2662 కొట్టి తెల్లమొహం వేశాను. ఇదీ ఐఓఎస్ 18 తోనే వచ్చింది. వచ్చిన రోజు అమ్మకు ఉత్త పుణ్యానికే ఫోను చేశాను. “ఏమిట్రా ఈ వేళలో?” అంది. అంకెల సంగతి వివరించడానికి ప్రయత్నించి మానేశాను.

వెనక్కి వెళ్లడం మరొకటి. 500-డి బస్సులో ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని, కుడి చేత్తో ఫోను చూసే మనిషిని ఊహించండి. ఆండ్రాయిడ్‌లో తెర కుడి, ఎడమల్లో ఏ అంచు నుంచి లోపలికి జరిపినా వెనక్కి పోతుంది. ఐఫోనులో ఎడమ అంచు నుంచే జరపాల్సి వచ్చేది. కుడి చేతి బొటనవేలు అక్కడిదాకా సాగాల్సి వచ్చేది. సిల్క్ బోర్డు దగ్గర బస్సు ఆగి ఉన్నప్పుడు సాగేది, కదిలినప్పుడు ఫోను జారేది. రెండుసార్లు జారింది. రెండోసారి ఎవరి ఒడిలో పడిందో ఆవిడ నవ్వి తిరిగిచ్చారు.

దాచుకునే చోటు గురించి లెక్క సూటిగానే ఉంది. గూగుల్ ఖాతాలో ఊరికే వచ్చేది 15 జీబీ, ఐక్లౌడ్‌లో 5 జీబీ. అయిదు ఒక్క ఉగాదికి సరిపోతుంది. నెలకు 75 రూపాయలు కట్టి 50 జీబీ తీసుకున్నాను. ఛార్జింగ్ తీగ వేరేది కావడం మాత్రం చిరాకే. 15 నుంచి యూఎస్‌బీ-సీ వచ్చింది కాబట్టి కొత్తగా కొనేవారికి ఆ గొడవ లేదు. నేను మాత్రం మదనపల్లె బస్సెక్కిన ప్రతిసారీ తీగ మరచిపోతాను. ఊళ్లో బంధువుల ఇళ్లలో అందరివీ ఒకే రకం తీగలు, నాది ఒక్కటే వేరు. దారిలో చింతామణి దాటేసరికి గుర్తొస్తుంది.

మరి రెండేళ్లుగా ఎందుకు వాడుతున్నానంటే, ఈ ఫోను ముసలిది కాలేదు. 2021 లో వచ్చిన మోడల్‌కు 2025 లో ఐఓఎస్ 26 కూడా వచ్చింది. ఇప్పుడు ఆండ్రాయిడ్ వైపు కూడా కొన్ని ఖరీదైన ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంటున్నారు కనుక, నేను మారిన కారణాల్లో ఒకటి ఈ రోజు అంత బలంగా నిలబడదు. బ్యాటరీ సామర్థ్యం సెట్టింగుల్లో 83 శాతం చూపిస్తోంది. రాత్రి తొమ్మిదిదాకా లాక్కొస్తుంది. 2025 సెప్టెంబరులో హెబ్బాళ వైపు ఒక మాల్‌లో బెంగళూరులోని మొదటి యాపిల్ స్టోర్ తెరిచారు. 80 కిందికి దిగితే అక్కడికి వెళ్లి బ్యాటరీ మార్పిద్దామని ఉంది, ట్రాఫిక్ తలచుకుంటేనే వాయిదా పడుతోంది.

నాన్నకు మాత్రం ఆండ్రాయిడే కొన్నాం. ఆయన మీటలు నొక్కరు, తెర మీద వేలితో రాస్తారు. జీబోర్డు ఆ రాతను అచ్చు అక్షరాలుగా మారుస్తుంది. రిటైరైన తెలుగు మాస్టారి గుండ్రని దస్తూరీ కాబట్టి ఒక్క తప్పు రాదు. మొన్న వచ్చినప్పుడు నా ఫోను తీసుకుని అలవాటుగా వేలితో ‘అ’ దిద్దారు. తెర పక్కకు జరిగి వాతావరణం చూపించింది.

పోయిన వారం మా పిన్ని కొడుకు వైట్‌ఫీల్డ్ నుంచి ఫోను చేసి, తనూ మారదామనుకుంటున్నానని, ఈ శనివారమే కొనమంటావా అని అడిగాడు. తెలుగులో ఎంత రాస్తావురా అని అడిగాను. అసలు రాయను, గొంతుతోనే పంపుతానన్నాడు. అయితే కొనుక్కో అన్నాను. ఆ తరువాత క్యాలెండరు చూసి, శనివారం ఎన్నో తారీఖో, వాడు అద్దె ఎప్పుడు కడతాడో అడిగాను.