256 మెగాబైట్లలో డెబియన్ ఇన్‌స్టాలర్

మా ఇంట్లో పెంటియం-ఎం లాప్‌టాప్ ఒకటి ఇంకా బతికే ఉంది. మెమొరీ 256 మెగాబైట్లు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాదు, డిస్కు పెట్టాల్సిందే. డెబియన్ అంటే విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. 2007లో వచ్చిన డెబియన్ 4 మొదలుకొని డెబియన్ 12 దాకా దీనిమీద ఎన్నిసార్లు ఎక్కించానో నాకే లెక్క లేదు. అందుకే ఇక్కడ చెప్పేది డెబియన్ గురించి కాదు, దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్ గురించే.

చూడటానికి ఏమీ ఉండదు. నీలం తెర, మధ్యలో బూడిదరంగు పెట్టె, బాణం మీటలు. లోపల మాత్రం ఉన్నంతలో గుట్టుగా నెట్టుకొచ్చే సంసారం. మొదట చిన్న ముక్కే మెమొరీలోకి వస్తుంది, మిగతావి అవసరాన్ని బట్టి దిగుతాయి. మెమొరీ చాలదనుకుంటే ఆ మాట ముందే చెప్పి, వీలైనంత త్వరగా స్వాప్ (హార్డ్‌డిస్కులో మెమొరీకి బదులుగా వాడుకునే చోటు) పెట్టుకోమంటుంది. తొలితరం పెంటియం-ఎంలో పీఏఈ (32 బిట్ల ప్రాసెసర్ 4 గిగాబైట్లకు మించిన మెమొరీని వాడుకునే సౌకర్యం) ఉన్నా ప్రాసెసర్ ఆ సంగతి బయటపెట్టదు. వేరే ఇన్‌స్టాలర్ ఒకటి ఇది చూసి మొదటి తెరలోనే చేతులెత్తేసింది. డెబియన్‌ది నన్నేమీ అడగకుండా పీఏఈ అక్కరలేని కెర్నెల్‌ను, అంటే సిస్టమ్ గుండెకాయను, ఎంచుకుంది.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. ఒకసారి పని ఎంతవరకు అయిందో చూపే గీత సగంలో ఆగిపోయింది. పావుగంట చూసి, లోపల ఏం జరుగుతోందో చూపే తెర కోసం ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కాను. డిస్కు చదవలేకపోతున్నానని వరుసగా ఒకటే మొర. డిస్కు తీసి మెత్తటి గుడ్డతో తుడిచి, మెనూలో ఆ ఒక్క అంచెనే మళ్లీ నడిపించాను. మొదటికి వెళ్లే పని పడలేదు.

వెలితి తెలుగు దగ్గరే. ఈ ఇన్‌స్టాలర్‌కు తెలుగు అనువాదం ఉంది. కానీ మన వత్తులు, గుణింతాలు అక్షరాలు మాత్రమే చూపే ఆ నీలం తెరమీద కుదరవు కాబట్టి, బొమ్మలు గీసే గ్రాఫికల్ పద్ధతిలోనే కనిపిస్తుంది. దానికేమో ఎక్కువ మెమొరీ కావాలి. తక్కువ మెమొరీ పద్ధతిలోకి వెళ్లిందంటే ఇక అంతా ఇంగ్లీషే. గుమాస్తాగా చేసి రిటైరైన మా బాబాయి, తనే ఎక్కిస్తానని పట్టుబట్టి కూర్చున్నాడు. హార్డ్‌డిస్కును భాగాలుగా విడగొట్టే పార్టిషన్ల దగ్గర ఆగి, "ఒరేయ్, ఇది నా ఫోటోలు చెరిపేస్తుందా?" అని నన్ను పిలిచాడు. తెరమీద ఉన్న హెచ్చరిక సరిగ్గా ఆ సంగతే చెబుతోంది! తెలుగు అవసరమైనవాళ్ల దగ్గరే పాత కంప్యూటర్లు మిగులుతాయి, పాత కంప్యూటర్లలోనేమో తెలుగు రాదు. కనీసం ఆ ఒక్క ప్రశ్ననైనా బొమ్మగా గీసి పెట్టి ఉండవచ్చు.

అదనపు భాగాలు ఎంచుకోమనే జాబితా కూడా అంతే. ఏది వదిలేస్తే ఏది ఆగుతుందో తెలిసినవాళ్లకే అర్థమవుతుంది.

2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు ఈ లాప్‌టాప్ లాంటి 32 బిట్ల కంప్యూటర్ల కోసం ఇన్‌స్టాలరే లేదు. డెబియన్ 12 డిస్కులు రెండు రాసి పెట్టుకున్నాను. ఒకటి లాప్‌టాప్ సంచిలో ఉంది. రెండోది బీరువాలో పట్టుచీరల కింద దాచాను, మా ఆవిడ ఇంకా చూడలేదు.