మకిటా 2012ఎన్‌బీ థిక్‌నెస్ ప్లేనర్: టేకు పని చేసేవాళ్ల కోసం

ఇంటి షెడ్డులో ఫర్నిచర్ చేసుకునేవాళ్లు ఏ థిక్‌నెస్ ప్లేనర్ (పలకను చెక్కి ఒకే మందానికి తెచ్చే మిషన్) కొనాలని అడిగితే నేను మకిటా 2012ఎన్‌బీ పేరే చెప్తాను. నా దగ్గర ఎక్కువగా టేకు, అప్పుడప్పుడు వేప, నల్లమద్ది దీని మీదే నడుస్తాయి. మంచి మిషన్, అందులో సందేహం లేదు. కాకపోతే అది ఏ పని చేస్తుందో, ఏది చేయదో తెలుసుకుని కొనాలి, ఎందుకంటే అంత డబ్బు పోసి తెచ్చుకున్నాక "పలకలో ఉన్న వంకర తీరలేదు" అని మిషన్ని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు.

వంకర తీయడం దీని పని కాదు. కింది ముఖం చదునుగా ఉంటే పై ముఖాన్ని దానికి సమాంతరంగా చెక్కి పలకంతా ఒకే మందానికి తెస్తుంది, అంతే. లోపల రోలర్లు చెరకు రసం మిషన్‌లా పలకను గట్టిగా నొక్కి లాక్కుంటాయి. మెలి తిరిగిన పలక అయితే ఆ నొక్కుడుకి కాసేపు చదునుగా పడుకుంటుంది, పైన బ్లేడు చెక్కేస్తుంది, బయటికి రాగానే మళ్లీ పాత మెలికే వస్తుంది. మందం తగ్గింది, వంకర మాత్రం అలాగే ఉంది. అందుకే ముందు ఒక ముఖాన్ని చేత్తో చిత్రిక పట్టి చదును చేసుకోవాలి. అంత ఓపిక లేకపోతే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క మీద పలకను పెట్టి, ఊగుతున్న మూలల కింద సన్నటి చెక్క పేళ్లు దూర్చి, కదలకుండా హాట్ గ్లూతో అంటించి, ప్లైవుడ్‌తో సహా మిషన్‌లోకి పంపండి. పై ముఖం చదునయ్యాక పలకను ఊడదీసి తిరగేస్తే సరి. పెద్ద జాయింటర్ (పలక ముఖాన్ని చదును చేసే మిషన్) కొనే స్థోమత, పెట్టుకునే చోటు రెండూ లేనివాళ్లకు ఇంతకంటే మంచి దారి నాకు కనపడలేదు.

ఇక మిషన్ సంగతి. 304 మిల్లీమీటర్ల వెడల్పు, 155 మిల్లీమీటర్ల మందం వరకు పడుతుంది, అంటే తలుపు రెక్కల పలకలకీ మంచం కోళ్లకీ చాలు. బరువు 28 కిలోలు. ఇద్దరు పట్టుకుంటే బల్ల మీదకి ఎక్కుతుంది, ఆటోలో వేసుకుని సైటుకీ పోవచ్చు. మోటారు 1650 వాట్లు కాబట్టి మామూలు 6 ఆంపుల ప్లగ్గులో పెట్టకండి, గీజరుకి వాడే పవర్ ప్లగ్గే కావాలి, ఎక్స్‌టెన్షన్ వైరు కూడా లావుదే ఉండాలి. సన్న వైరు వేస్తే వోల్టేజీ పడిపోయి మోటారు మూలుగుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది చివర్లలో గుంట తక్కువ పడటం. చిన్న ప్లేనర్లలో పలక లోపలికి పోయేటప్పుడూ బయటికొచ్చేటప్పుడూ మొదటి, చివరి రెండు మూడు అంగుళాలు కొంచెం ఎక్కువ తెగిపోతాయి. దీంట్లో బ్లేడ్లు ఉండే తల దానంతటదే బిగుసుకునే ఏర్పాటు ఉంది కాబట్టి ఆ గుంట బాగా తగ్గుతుంది. అయినా పొడవు పలకలకి రెండో వైపు రోలర్ స్టాండు గానీ మనిషి గానీ ఉండాల్సిందే, చివర కిందికి వేలాడితే ఏ మిషనూ ఏమీ చేయలేదు.

ఒక్కసారికి అర మిల్లీమీటరు తీయండి, అంతకు మించి ఆశపడొద్దు. చెక్కలో గీతలు ఎటు వాలాయో చూసి పలకను పెట్టాలి, ఎదురు పెడితే పైముఖం పెచ్చులు లేస్తుంది. వేపలో గీతలు అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టి చివరి రెండు కోతలు ఇంకా పల్చగా వేయాలి. అడుగు కంటే పొట్టి ముక్కల్ని మాత్రం పంపకండి, రెండు రోలర్ల మధ్య ఇరుక్కుని వెనక్కి ఎగిరొస్తాయి.

బ్లేడ్లు రెండు, ఒక్కోదానికి రెండు అంచులు. ఒకటి మొద్దుబారితే తిప్పి బిగించుకోవచ్చు, అయస్కాంతం ఉన్న హోల్డర్ కూడా ఇస్తారు కాబట్టి వేళ్లు తెగే భయం తక్కువ. టేకులో సిలికా ఉంటుంది, బ్లేడు త్వరగా అరుగుతుంది. పాత ఇళ్లు పడగొట్టిన దూలాలు, వాసాలు కొనేవాళ్లు దయచేసి మెటల్ డిటెక్టర్ కొనుక్కోండి, విరిగిన మేకు ముక్క ఒక్కటి తగిలినా పలక పొడవునా గీత పడుతుంది, కొత్త బ్లేడు పోయినట్టే.

లోపం అంటే పొట్టు. దీనికి సొంత ఫ్యాన్ లేదు, పొట్టును పట్టే హుడ్ పెట్టి పెద్ద వాక్యూమ్ తగిలించకపోతే షెడ్డంతా నిండిపోతుంది. ఆ విషయంలో డివాల్ట్ కంపెనీ 735 ప్లేనర్ నయం, పొట్టును తనే ఊది బయటికి పంపుతుంది, మూడు బ్లేడ్లు, రెండు స్పీడులు కూడా. అమెరికా నుంచి బావమరిదితో తెప్పించుకుందామనుకునేవాళ్లు మాత్రం ఆగి ఆలోచించండి: 92 పౌండ్లంటే దాదాపు 42 కిలోలు, విమానంలో ఒక బ్యాగుకి 32 కిలోలు దాటనివ్వరు. పైగా అది 120 వోల్టుల మిషన్, ఇక్కడ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నడవదు.

ఏది కొన్నా చెవులకి మఫ్స్, ముక్కుకి మంచి మాస్కు అదే రోజు కొనండి. చెక్క దుమ్ము క్యాన్సర్ తెప్పించే పదార్థాల జాబితాలో ఉంది, టేకు దుమ్ము కొందరికి చర్మం మీద దద్దుర్లు కూడా తెస్తుంది. షాపులో డబ్బు కట్టే ముందే ఒక స్పేర్ బ్లేడు సెట్టు, మోటారులో అరిగిపోయే కార్బన్ బ్రష్‌లు అక్కడే దొరుకుతాయా అని అడగండి. "ఆర్డర్ పెడితే వస్తాయి సార్" అంటే వేరే షాపు చూసుకోండి.